వెచ్చని గదికో కంత

గౌరి వచ్చిన దగ్గర్నుంచి మా ఇంట్లో కిటికీల దగ్గర రోజూ తగువే. రంగూన్‌లో, అహ్లోన్ రేవుకి దగ్గరగా, ఓ పాత మేడలో మూడో అంతస్తు మాది. పొద్దు వాలేసరికి ఏటివైపు నుంచి దోమలు మందలుగా లేస్తాయి. దీపాలవేళకి నేను రెక్కలన్నీ మూసి గడియలు పెట్టుకుంటూ వస్తాను. ఒక కంటికి కట్టు, రెండో కన్ను మసక, అయినా గౌరి గోడ తడుముకుంటూ నా వెనకే వచ్చి నేను మూసినవన్నీ తెరుస్తుంది. "మనుసులు పడుకునే గది ఇలగ బిగించీకూడదే, పైడీ" అంటుంది. "దోమలే. జొరమొచ్చి సస్తావు" అంటాను నేను. వినదు. గౌరి మా మేనత్త కూతురు, నా ఈడుదే. కంట్లో శుక్లం తీయించుకోడానికి షాన్ కొండల్లోని కలో ఊరి నుంచి బస్సులో వచ్చి నా దగ్గర దిగింది. ఇద్దరికీ డెబ్భై దాటాయి. గట్టిగా పోట్లాడుకునే ఓపిక కూడా లేదు. రెండు మాటలయ్యాక నేనే ఊరుకుని దోమతెర దించుకుంటాను.

నా విసుగు గౌరి మీద కాదు. ఈ ఊళ్ళో ఇప్పుడు బతకడమే ఓ అలసట. కరెంటు ఎప్పుడొస్తుందో, ఎప్పుడు పోతుందో ఎవరికీ తెలియదు. వచ్చిందంటే మా సంధ్య, చనిపోయిన నా తమ్ముడి కూతురు, ఉన్నచోటు నుంచి లేచి పరిగెడుతుంది. నీళ్ళ మోటారు, అన్నం కుక్కరు, ఫోన్లు అన్నీ ఒక్కసారే పెట్టాలి. వీధి మొత్తం ఆ కాసేపూ మోటార్ల హోరే. అన్నం సగం ఉడికేసరికి కరెంటు పోతుంది. అప్పుడు నేను ఆ గిన్నెని పాత బొంతలో చుట్టి, గుడ్డపేలికలు కూరిన అట్టపెట్టెలో దించి, పైన తలగడ పెట్టి వదిలేస్తాను. దాని వేడికే అది ఉడికిపోతుంది. మొదట్లో సంధ్య నవ్వింది. ఇప్పుడు తనే చుడుతోంది. "ఇది నీకెవరు నేర్పేరత్తా?" అని ఓ రోజు అడిగింది. ఎర్రమ్మత్త అని చెప్పాను. గౌరి అక్కడే గోడకి జేరబడి కూర్చుని ఉంది. తల్లి పేరు విని మొహం కిటికీ వైపు తిప్పుకుంది.

చిన్నప్పుడు నేను కొన్నేళ్ళు ఆ ఎర్రమ్మత్త దగ్గరే పెరిగాను. మనవాళ్ళు చాలామంది ఓడలెక్కి విశాఖపట్నం వెళ్ళిపోతున్న రోజులవి. మా నాన్న వెళ్ళలేదు. అహ్లోన్ బియ్యం మిల్లులో బస్తాలు మోసినవాడి కడుపున పుట్టినవాణ్ణి, నాకు అక్కడెవరున్నారు అనేవాడు. కానీ మిల్లులో పని సగమైపోయింది. పైగా నాకు ఆగని దగ్గు. కొండగాలి తగిలితే తగ్గుతుందని ఎవరో అంటే, కలోలో రైల్వే పట్టాల గ్యాంగు మేస్త్రీగా ఉన్న మామయ్యకి కబురు పెట్టి నన్ను రైలెక్కించారు. రంగూన్ ఉక్కపోతలో పుట్టి పెరిగినదాన్ని. చలి అంటే తెల్లారగట్ల కాస్త చల్లగా ఉండటం అనే అనుకున్నాను. రైలు కొండెక్కుతుంటే ఒంటిమీద ఉన్న ఒక్క జాకెట్టు చాలక, పక్కనున్న ముసలాయన ఇచ్చిన గోనెపట్టా కప్పుకున్నాను. స్టేషన్‌లో అత్త నన్ను చూసి, "ఓలమ్మా, ఈ గుంటని బట్టల్లేకుండా అంపీసినారేటి మా అన్నయ్య!" అని తన శాలువాలోకే లాక్కుంది. ఆ శాలువా నిండా పొగ వాసన, అల్లం వాసన. ఇప్పటికీ ఎక్కడైనా చితుకుల పొగ తగిలితే నాకు ముందు గుర్తొచ్చేది ఆ స్టేషనే.

రైల్వేవాళ్ళిచ్చిన ఇల్లు రెండు గదులు, వెనక వంటసాల. గోడలు పలకలు, పైన రేకు. పలకలు ఎండకి ముడుచుకుపోయి మధ్యమధ్య సందులు పడ్డాయి. ఆ సందుల్లోంచి పైన్ చెట్లు కనిపించేవి, వాటి వెనక నుంచి గాలి ఈలేసుకుంటూ వచ్చేది. పొద్దున్నే గడ్డిమీద ఉప్పు చల్లినట్టు మంచు. రాత్రి మా ఊపిరి ఆవిరే రేకుకి పట్టి, తెల్లారేసరికి చుక్కలు చుక్కలుగా మొహాన పడేది. ఆ ఇంట్లో అందరికన్నా ఎక్కువ చలి మామ్మకి. మామ్మంటే మామయ్య తల్లి. శ్రీకాకుళం దగ్గర సముద్రపొడ్డు ఊరు నుంచి కాపురానికి రంగూన్ వచ్చి, కొడుకు వెంట ఈ కొండెక్కింది. "నన్ను మంచులో పాతీడానికి తెచ్చినారు" అని రోజూ సణిగేది. కోడల్ని తిట్టేది. పొయ్యి రాజెయ్యడం రాదనీ, కట్టెలు తగలేస్తోందనీ, పెట్టిన గంజి చల్లారిపోయిందనీ. అత్త బదులు చెప్పేది కాదు. కానీ గిన్నెలు మాత్రం గట్టిగా పెట్టేది.

అత్తకి ఆ చలితో బతకడం నేర్పింది పక్కింటి డా న్యుం. డా అంటే బర్మాలో అమ్మగారు లాంటిది. ఆ కొండల్లోనే పుట్టిన మనిషి, చుట్ట కాలుస్తూ నెమ్మదిగా మాట్లాడేది. చలిని తరిమెయ్యలేం, ఉన్న వేడిని పోనివ్వకుండా చూసుకోవాలి, అంతే అనేది. ఆవిడ చెప్పినట్టే మా అత్త ఆ ఏడు వానలు వెనకబట్టగానే పని మొదలుపెట్టింది. గంజిలో పాత పేపర్లు ముంచి పలకల సందులన్నీ నింపాం. పెద్ద సందులకి పేడలో ఊక కలిపి మెత్తాం. తలుపు కింద సందుకి ఇసక నింపిన గుడ్డసంచి. రేకు కింద వెదురు చాప. నేనూ గౌరీ మోచేతుల దాకా గంజి పూసుకుని, పేపర్ల మీద బర్మా అక్షరాలు కూడబలుక్కుంటూ అతికించేవాళ్ళం. మధ్యాహ్నం బొంతలన్నీ ఎండలో పరచి, ఎండ దిగకముందే మడతలో వేడి ఉండగానే లోపలికి తెచ్చేయాలి. పొద్దు కొండ మీదుండగానే కిటికీలు మూసేయాలి. పొయ్యి ఒక్కసారే రాజెయ్యాలి, దానిమీదే అన్నం, నీళ్ళు, పులుసు వరసగా అయిపోవాలి. అన్నం ఒక పొంగు రాగానే దింపి గడ్డి కూరిన బుట్టలో పెట్టేసేది. పొయ్యిలో మిగిలిన నిప్పుల మీద ఏటిరాళ్ళు కాచి, గుడ్డలో చుట్టి మా కాళ్ళ దగ్గర పెట్టేది. ఆ నెలలో కట్టెలు సగానికి తగ్గాయి. గ్యాంగువాళ్ళ పెళ్ళాలు వచ్చి మా గోడలు తడిమి చూసి వెళ్ళేవారు. ఎప్పుడూ నవ్వని మామయ్య కూడా బయటినుంచి వచ్చి చేతులు రుద్దుకుంటూ, "మనిల్లేనేటి ఇది!" అన్నాడు. మామ్మ ఒక్కతే పైకి ఒప్పుకోలేదు కానీ, తిట్లు తగ్గాయి. ఓ సాయంత్రం కోడల్ని పిలిచి, "నువ్వూ తిన్నావేటే?" అని అడిగింది. అంతకుముందు ఆమె అలా అడగగా నేను వినలేదు. అత్త వంటసాలలోకి వచ్చి ఆ పూట గిన్నెలు చప్పుడు లేకుండా పెట్టింది.

మామ్మా గౌరీ లోపలి గదిలో పడుకునేవారు, నేనూ అత్తా వంటసాలలో. రాత్రి భోజనాలయ్యాక అత్త కుంపట్లో బొగ్గులు పోసి లోపలి గదిలో పెట్టేది. మామ్మ చేతులు కాచుకుని, గౌరికి కథ చెప్పి, నిద్రకి పడేలోగా అత్త వచ్చి కుంపటి బయటికి తెచ్చేసేది. గోడలకి సందులున్నన్నాళ్ళూ రాత్రంతా ఉంచినా ఏమీ కాలేదు. ఇప్పుడు సందుల్లేవు. బొగ్గు సెగలో కంటికి కనపడని విషం ఉంటుందని డా న్యుం చెప్పింది, అత్తకి తెలుసు. అందుకే ఎంత అలిసిపోయినా లేచి వెళ్ళి తెచ్చేది.

ఆ ఏడు చలి ముదిరిన రోజుల్లో ఎక్కడో కొండచరియ జారి పట్టాల మీద పడిందని మామయ్య గ్యాంగుతో వెళ్ళాడు. అత్తకి జ్వరం తగిలింది. అయినా ఆ పూట కూడా వండింది, పెట్టింది, కుంపటి లోపల పెట్టింది. తెల్లారి నేను లేచేసరికి అత్త గోడకి జేరబడి కూర్చున్నది కూర్చున్నట్టే నిద్రలో ఉంది. లోపలి నుంచి మామ్మ దగ్గు వినపడటంలేదు. రోజూ నన్ను లేపేది ఆ దగ్గే. నేను అత్త భుజం తట్టాను. ఆమె కళ్ళు తెరిచి, ఒక్క క్షణం నావైపు చూసి, ఒక్క అంగలో తలుపు దగ్గరికి వెళ్ళింది. లోపల గది అమ్మ ఒడిలా వెచ్చగా ఉంది. ఆ వెచ్చదనం తలుచుకుంటే నాకు ఇప్పటికీ ఒళ్ళు జలదరిస్తుంది. మామ్మ బొంతలోపల పక్కకి తిరిగి ఉంది. గౌరి పెదాలు తాంబూలం నమిలినట్టు ఎర్రగా ఉన్నాయి. అత్త గౌరిని రెండు చేతులతో ఎత్తి మంచు గడ్డిమీద పడేసి, మళ్ళీ లోపలికి పరిగెత్తి మామ్మని కాళ్ళు పట్టి ఈడ్చుకొచ్చింది. "డా న్యుం! డా న్యుం!" అని అరిచిన అరుపుకి గ్యాంగు ఇళ్ళన్నీ లేచాయి. డా న్యుం గౌరి చెంపలు వాయిస్తూ, మొహాన చన్నీళ్ళు కొడుతూ కూర్చుంది. చాలాసేపటికి గౌరి వాంతి చేసుకుని ఏడ్చింది. మామ్మ కళ్ళు తెరవలేదు. మామయ్య వచ్చేవరకూ ఊపిరి మాత్రం ఉంది, తర్వాత అదీ పోయింది.

చావుకి వచ్చినవాళ్ళు వంటసాల బయటే మాట్లాడుకున్నారు. కోడలు అత్తని పొగెట్టి చంపేసిందన్నారు. రోజూ తిట్టేది కదా, కడుపులో పెట్టుకుందన్నారు. అత్త ఎవరు అడిగినా ఒక్కటే మాట చెప్పింది: "జొరంలో ఉన్నాను. కుంపటి తియ్యడం మరిసిపోనాను." పోలీసు జమేదారు అడిగినా అదే. మామయ్యకీ అదే. మామయ్య ఒక్క మాట అనలేదు. దినాలయ్యాక ఉలి, సుత్తి తెచ్చి, మేం గంజి పేపర్లతో కప్పిన గోడలో, చూరు కింద, చెయ్యి పట్టేంత కంత కొట్టాడు. లోపలి గదిలో ఒకటి, వంటసాలలో ఒకటి. కొడుతున్నంతసేపూ అత్త కింద నిలబడి రాలిన చెక్కముక్కలు కొంగులోకి ఎత్తుకుంటూనే ఉంది. ఆయన తిట్టి ఉంటే బాగుండునని ఎన్నో ఏళ్ళ తర్వాత ఒకసారి నాతో అంది.

తర్వాత చలికాలాల్లో అత్త ఇంటిని కాకుండా మనుషుల్ని వెచ్చగా ఉంచడం మొదలుపెట్టింది. చిరిగిన లుంగీల మధ్య పేపర్లు పరచి బొంతలు కుట్టింది. అందర్నీ ఒకే గదిలో పడుకోబెట్టింది. చీకటిపడకముందే వేడి తిండి, అల్లం కషాయం, కాళ్ళకి రెండేసి మేజోళ్ళు. కుంపటి మళ్ళీ గడప దాటి లోపలికి రాలేదు. అంతటితో ఊరుకోలేదు. చలి మొదలవగానే సాయంత్రాలు గ్యాంగు ఇళ్ళన్నీ తిరిగేది. తెలుగువాళ్ళు, బర్మావాళ్ళు, గూర్ఖాలు, ఎవరి ఇల్లయినా సరే. గుమ్మంలో నిలబడి, "కంత ఉందా?" అని అడిగేది. ఉందంటే లోపలికొచ్చి చెయ్యి పెట్టి చూసేది. కొందరు మర్యాదగా చూపించేవారు. కొందరు, అత్తని చంపిన మనిషి మాకు చెప్పొచ్చింది అనేవారు, ఆమెకి వినపడేట్టే. పిల్లలు కంతల ఎర్రమ్మ అని పేరు పెట్టారు. అది విని గౌరి ఏడ్చుకుంటూ ఇంటికొస్తే, "అననీయే. ఆల్లింట్లో కంతుంది గదా, సాలు" అనేది. నా దగ్గు తగ్గి, నేను రంగూన్ తిరిగొచ్చాక కూడా ఆమె తిరుగుతూనే ఉందట. నడవలేనంత ముసలిదయ్యాక గౌరి చేత అడిగించేదట. అత్త పోయి ఇప్పటికి చాలా ఏళ్ళు.

ఇప్పుడు ఆలోచిస్తే, అప్పుడు మా కష్టం మా చేతుల్లో ఉండేదనిపిస్తుంది. కట్టె మేమే కొట్టాం, సందు మేమే మూశాం, తప్పు జరిగితే కంతా మేమే కొట్టుకున్నాం. ఈనాటి చీకటి ఎవరి చేతిలో ఉందో తెలియదు. మోటారు తిరిగే కాసేపటి కోసం రోజంతా చెవులు రిక్కించి కూర్చోవడం నాకు చేతకావడంలేదు. అంతకన్నా చలే నయం అని నోటిదాకా వస్తుంది. అంతలో ఆ వెచ్చని గది గుర్తొచ్చి ఊరుకుంటాను.

మొన్న సెలవునాడు సంధ్య ఫోను చూసి నవ్వుతోంది. చౌక్తడా పేటలో తను పనిచేసే ఆఫీసులో ఇదివరకుండే ఓ అమ్మాయి, ముసలివాళ్ళ సంరక్షణ పనికి జపాన్ వెళ్ళింది. అక్కడ మంచు. చిన్న గది. వెచ్చదనానికి అయ్యే ఖర్చు తగ్గించుకోడానికి ఏమేం చేస్తోందో రాసి పంపిందట. సంధ్య చదివి వినిపించింది. అద్దాలకి బుడగల ప్లాస్టిక్ అంటించింది, కిటికీ సందులకి టేపు, తలుపు కింద చుట్టిన దుప్పటి, పక్కలో వేడినీళ్ళ సంచి. "అంతా మీ కలో పద్దతేనత్తా. మీయే బెటర్, ఫ్రీ గదా" అంది.

గౌరి కట్టు కట్టిన మొహం ఇటు తిప్పింది. "గదిలో పొయ్యేటైనా ఉందేటి?"

"ఉంది పిన్నీ. కిరసనాయిల్ది. ఎవలో సెకండ్‌హ్యాండ్‌లో ఇచ్చినారంట."

"కంత?"

"ఏటి కంత?"

"ఆ పిల్లకి పోను సెయ్యి. ఇప్పుడే, బేగి."

సంధ్య నావైపు చూసింది. చెయ్యమన్నాను. రెండు మూడుసార్లకి ఆ అమ్మాయి పలికింది. బాగానే ఉన్నానంది. పొద్దున్నే లేస్తే మాత్రం తల దిమ్ముగా ఉంటోంది, కడుపులో తిప్పుతోంది, చలికే అయ్యుంటుందంది. గౌరి చెయ్యి చాచి ఫోను లాక్కుంది. గౌరి బర్మా మాట కొండయాసలో ఉంటుంది, పైగా గట్టిగా అరుస్తుంది. పొయ్యి ఆర్పమంది. ఆర్పావా అంది. టేపు పీకమంది. ఆ అమ్మాయి ఏదో నవ్వుతూ అనబోతే, "నవ్వకమ్మా, నవ్వకు, కిటికీ తెరువు, నాకు చప్పుడు వినపడాలి" అంది. ఫోనులోంచి టేపు చిరిగిన చప్పుడు, తర్వాత కిటికీ పక్కకి జరిగిన చప్పుడు మా అందరికీ వినిపించాయి. ఇంక ఎప్పుడూ దాన్ని పూర్తిగా మూయనని ఒట్టు పెట్టించుకునిగానీ ఫోను తిరిగివ్వలేదు. సంధ్య మొహంలో నవ్వు ఎప్పుడో పోయింది. ఫోను పట్టుకుని స్నేహితురాలితో మెల్లగా మాట్లాడుకుంటూ వరండాలోకి వెళ్ళింది.

గౌరి గోడకి జేరబడింది. మంచినీళ్ళిచ్చాను. తాగలేదు.

"పైడీ, నువ్వా పూట అమ్మ దగ్గరే ఉన్నావు గదా, వంటసాల్లో" అంది.

"ఉన్నాను."

"అమ్మ నిజంగా మరిసిపోనాదేటి?"

అరవై ఏళ్ళలో ఆమె నన్ను ఆ మాట అడగలేదు. తల్లి మీద ఊరన్న మాటలు ఆమె మనసులో కూడా ఉండిపోయాయేమో అనుకున్నాను. "మీ అమ్మ కావాలని సేసింది కాదే" అన్నాను.

"ఆ సంగతి నాకు తెల్దేటి! అది కాదు." కట్టు అంచు వేలితో సర్దుకుంది. "ఆ రోజు అమ్మ కుంపటి కోసం వచ్చింది. మామ్మ తీసికెల్లిపొమ్మంది. నానే ఏడిసినాను. కాల్లు సల్లగున్నాయి, ఉంచీమని పేచీ పెట్టినాను. అమ్మ ఉంచీసి ఎల్లిపోనాది. తెల్లారి అందరికీ మరిసిపోనాను అని సెప్పింది. నాకూ అదే సెప్పింది. జొరంలో ఆ మాట ఆవిడకి నిజంగా గుర్తునేదేమో అనుకున్నాను ఇన్నాల్లూ. అలగైతేనే బాగున్ను అనుకున్నాను. నా వల్ల అని తెలిసీ, నాకు జడేసి, అన్నం పెట్టి, బడికి పంపించిందంటే... అది తట్టుకోలేను. నువ్వు సెప్పు. ఆవిడికి తెలుసా?"

ఆ రాత్రి నాకు నిన్నటిలా గుర్తుంది. అత్త ఒట్టి చేతులతో లోపలి నుంచి వచ్చింది. కుంపటేదత్తా అని నేనే అడిగాను. ఆమె నా బొంత సరిచేస్తూ చెప్పింది. తర్వాత గోడకి జేరబడి, కునుకు పట్టకుండా తల అటూ ఇటూ విదిలించుకుంటూ కూర్చుంది. మరిసిపోనాను అని అత్త పదిమందికీ చెప్పినప్పుడు, పెద్దవాళ్ళకి జరిగింది మనకన్నా బాగా తెలుసనుకునే వయసు నాది. ఎవరూ నన్ను అడగలేదు. ఇప్పుడు ఏం చెప్పాలి? ఒక ముసలిదానికి నిద్రపట్టే అబద్ధం ఒకటుంది, నిజం ఒకటుంది. ఎంచుకునే ఓపిక నాకు లేదనిపించింది. కానీ అత్త మాటని దాచెయ్యడానికి నేనెవర్ని?

"తెలుసు" అన్నాను. "నన్ను అడిగితే సెప్పింది. గౌరికి కాల్లు సల్లబడిపోనాయంట, ఇంకాసేపుంచీమని ఏడుత్తంది. సిన్న గుంట గదే. అది పడుకోనీ, అప్పుడు తెచ్చీస్తాను, అంది."

గౌరి కట్టు కింద నుంచి నీరు కారుతోంది. ఆపరేషనైన కన్ను, ఏడవకూడదన్నారు, అని నేను గుడ్డ తీసుకుని తుడవబోయాను. నా చెయ్యి పక్కకి తోసేసింది.

"అయితే తెలుసు" అంది. "అయ్యకి కూడా సెప్పనేదు."

"ఎవలికీ సెప్పనేదు."

నావైపు జరిగింది. "సిన్న గుంట అందా?"

"అంది."

"ఎలగంది? ఇసుక్కుందా?"

"ఇసుక్కోనేదు."

"అమ్మ అన్నట్టే అను. ఒకసారి."

నా గొంతు అత్త గొంతులా ఉండదు. అయినా, జ్వరంతో ఉన్న మనిషి పిల్ల గురించి ఎలా మాట్లాడుతుందో అలాగే, మెల్లగా, ముద్దుగా, అలిసిపోయి, మళ్ళీ చెప్పాను. గౌరి తల వంచుకుని చివరిదాకా వింది. అయిపోయాక, నా మోకాలి మీద చెయ్యి వేసి, ఇంకొక్కసారి అనమంది.